షుగరున్న ఇంట్లో పళ్ళబుట్ట

మాచవరం అనగానే విజయవాడ వాళ్ళకు తమ ఊళ్ళోని మాచవరం డౌన్ గుర్తొస్తుంది. నేను చెప్పేది పల్నాడు మాచవరం గురించి. పిడుగురాళ్ళకు దగ్గర్లో, కృష్ణకు ఈవల, గురజాల నియోజకవర్గంలో ఉన్న మండల కేంద్రం. మిరప, పత్తి పండే నేల. ఇటువైపు ఎవరింటికైనా పలకరింపుకు వెళ్ళేవాళ్ళు పళ్ళ సంచి లేకుండా వెళ్ళరు. ఆ ఇంటి పెద్దాయనకు షుగరుంటే ఆ సంచి నేరుగా పిల్లల చేతికి పోతుంది. "షుగరు కదండీ, పళ్ళు మానేశాను" అంటాడాయన. మధ్యాహ్నం ఆయన కంచంలో అన్నం మాత్రం ఎప్పటంతే ఉంటుంది. ఈ విశేషాలు ఆయన కోసం, ఆయనకు వండి వడ్డించే ఇల్లాలి కోసం.

తినలేదు, వలిచారంతే

పండు నోట్లో పెట్టుకోకుండానే గ్లూకోమీటరులో షుగరు పెరుగుతుందని మీకు తెలుసా? జపాన్‌లో కొందరు డాక్టర్లు షుగరు లేని మనుషుల చేత కమలాపండు, ద్రాక్ష, కివీ వలిపించారు. చేతులు కడుక్కోకుండా వేలికొసన రక్తం తీసి చూస్తే, మధుమేహం ఉందని ముద్ర వేయదగ్గ అంకెలు వచ్చాయి. వేలికి అంటిన రసంలోని గ్లూకోజు రక్తపు చుక్కలో కలిసిపోయింది, అంతే. స్పిరిట్ దూదితో తుడిచినా ఆ అంకె పూర్తిగా దిగలేదు. కుళాయి నీళ్ళతో కడిగాకే అసలు లెక్క కనిపించింది. 2011లో ఈ సంగతి డయాబెటిస్ కేర్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. మనవడికి బత్తాయి వలిచిపెట్టి, ఆ చేత్తోనే పరీక్ష చేసుకుని, ఆ అంకె చూసి మందు మోతాదు పెంచుకుంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. మిషను తీసే ముందు చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకోండి.

పుచ్చకాయకు పడ్డ నింద

ఏ ఆహారం తింటే రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచే పద్ధతిని 1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రకటించింది. దాని పేరు గ్లైసీమిక్ ఇండెక్స్. గ్లూకోజుకు 100 వేసి, మిగతావాటిని దానితో పోల్చారు. తర్వాత ప్రచురించిన అంతర్జాతీయ పట్టికల్లో ఆపిల్ 36 దగ్గర, కమలా 43 దగ్గర, అరటిపండు, మామిడిపండు రెండూ 51 దగ్గర ఉన్నాయి. తెల్లన్నం 73. పుచ్చకాయ 76!

అంటే పుచ్చకాయ అన్నం కంటే చెడ్డదా? కాదు. ఆ అంకె వేగాన్నే చెబుతుంది, తిన్న మొత్తాన్ని చెప్పదు. పుచ్చకాయలో తొంభై పాళ్ళు నీళ్ళే. 100 గ్రాముల ముక్కలో పిండిపదార్థం ఏడున్నర గ్రాముల దాకా ఉంటుంది. అంతే తూకం అన్నంలో 28 గ్రాముల దాకా ఉంటుంది. మే నెలలో పల్నాడులోనే ఉన్న రెంటచింతల నిప్పులు కక్కుతున్నప్పుడు ఒక కప్పు పుచ్చకాయ ముక్కలు తింటే తప్పేమీ లేదు. కాయలో సగం ఒక్కరే తింటే మాత్రం లెక్క మారిపోతుంది.

జొన్న నేలకు వరి వచ్చింది

ఇది పండ్ల సంగతి కాకపోయినా, అసలు చిక్కు ఇక్కడే ఉందని నా నమ్మకం.

పల్నాటికి వచ్చిన శ్రీనాథుడు ఇక్కడ సన్నబియ్యపు అన్నం దొరక్క, అంతా జొన్నకూడేనని విసుక్కున్నట్టు ఆయన పేర చాటువులు ప్రచారంలో ఉన్నాయి. పదిహేనో శతాబ్దపు కవికి కష్టమైన ఆ తిండి ఈ సీమ వాళ్ళకు ఎన్నో తరాల పాటు ముద్ద పెట్టింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు, జొన్న చేలల్లోకి వరి వచ్చింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చారు. పేదింటికి కడుపునిండా అన్నం పెట్టిన పథకమది, దాన్ని తప్పు పట్టే మాటే లేదు. కానీ జొన్న రొట్టె, సజ్జ సంకటి కంచంలోంచి తప్పుకున్నాయి. మూడు పూటలా తెల్లన్నమో, బియ్యప్పిండితో చేసిన ఇడ్లీ, దోసెలో వచ్చి కూర్చున్నాయి. ఎండలో గొడ్డు కష్టం చేసే ఒంటికి అది సరిపోయేది. ట్రాక్టరు, మోటారు సైకిలు వచ్చాక ఒళ్ళు వంచే పని తగ్గింది, ముద్ద మాత్రం తగ్గలేదు.

21 దేశాల్లో లక్షా ముప్ఫై రెండు వేల మందికి పైగా మనుషులను ఏళ్ళ తరబడి గమనించిన ప్యూర్ అధ్యయనం ఫలితం 2020లో వచ్చింది. రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవాళ్ళకు, 150 గ్రాముల లోపు తినేవాళ్ళ కంటే మధుమేహం ఎక్కువగా వచ్చింది. ఆ తేడా అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది మన దక్షిణాసియాలోనే. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరుతో ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ సర్వే లెక్క తేల్చింది. ఇంతమందికి జబ్బు తెచ్చింది జామకాయ కాదు కదా!

ఒక మధ్యరకం జామకాయలో పిండిపదార్థం 14 గ్రాముల దాకా ఉంటుంది. అందులోనూ అయిదు గ్రాములకు పైగా పీచే. ఒక పెద్ద కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా ఉంటుంది. మన కంచంలో ఒక కప్పుతో ఆగే అలవాటు ఎంతమందికి ఉంది?

పెరుగన్నంలో మామిడిపండు

తెలుగువాడికి భోజనం చివర పెరుగన్నంలో మామిడిపండు నంజుకుంటేనో, అరటిపండు పిసుక్కుంటేనో గాని తృప్తి ఉండదు. షుగరున్నవాళ్ళకు చేటు చేసేది ఈ పద్ధతే. పప్పన్నం, కూరన్నం, పులుసన్నం అయ్యాక, వాటన్నిటి మీదా పండు. ఆ పూట షుగరు చూసుకుంటే తప్పకుండా పెరిగి ఉంటుంది, నింద మాత్రం చివర తిన్న పండు మీద పడుతుంది.

పండు అన్నం మీద చేరకూడదు. అన్నం తగ్గించి, ఆ జాగాలో చేరాలి. ఈ మాటకు రెండు ఆధారాలు చెబుతాను.

ఒకటి మన శ్రీకాకుళానిదే. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మధుమేహం ఉన్న 40 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 30 గ్రాముల పచ్చి పనసకాయ పిండి ఇచ్చి, అంత మేరకు బియ్యం లేదా గోధుమ పిండి తగ్గించారు. రెండో జట్టుకు మామూలు పిండి. ఎవరు ఏది తింటున్నారో వాళ్ళకు గాని, చూసే డాక్టర్లకు గాని తెలియదు. పన్నెండు వారాల తర్వాత పనస పిండి తిన్నవాళ్ళ మూడు నెలల సగటు షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, పావు శాతం దాకా తగ్గింది. రెండో జట్టులో తగ్గుదల ఉండీ లేనట్టే. ఇది 2021లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. పావు శాతమంటే పెద్ద అద్భుతమేమీ కాదు, మందులు మానేయదగ్గదీ కాదు. కానీ రోజుకు మూడు పెద్ద చెంచాల పిండి మార్పుకు అది చిన్న ఫలితం కూడా కాదు. ఇక్కడ పనికొచ్చింది పచ్చికాయ అని గుర్తుంచుకోండి. పండిన పనసతొనల సంగతి వేరు, అవి తీపి.

రెండోది ఢిల్లీలో జరిగింది. మధుమేహం ఉన్న 35 మందిలో కొందరికి ఎనిమిది వారాల పాటు పొద్దున తెల్ల బ్రెడ్డు మాన్పించి, దాని బదులు 250 గ్రాముల మామిడిపండు ఇచ్చారు. బ్రెడ్డు తిన్నవాళ్ళతో పోలిస్తే మామిడి తిన్నవాళ్ళకే షుగరు మెరుగుపడింది. 2025లో ఈ ఫలితం ప్రకటించినప్పుడు చాలామంది "మామిడి ఎంతైనా తినొచ్చట" అని చెప్పుకున్నారు. వాళ్ళు తిన్నది తూచి, డాక్టర్ల కనుసన్నల్లో, ఇంకొకటి మానేసి. బంగినపల్లి ముక్కలైతే ఎన్ని తిన్నామో లెక్క తెలుస్తుంది. చిన్న రసాలు పిండుకుని జుర్రుకుంటూ కూర్చుంటే టెంకలు లెక్కపెట్టేదాకా తెలియదు.

పండు ఒకటే, రూపాలు మూడు

1977లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పదిమందికి ఒక రోజు ఆపిల్ పండ్లు, ఒక రోజు ఆ పండ్ల గుజ్జు, ఒక రోజు రసం ఇచ్చారు. మూడింట్లోనూ పిండిపదార్థం సమానమే. పండు నమిలి తినడానికి పట్టిన కాలంలో పదకొండో వంతులో రసం తాగేశారు! రసం తాగాక ఇన్సులిన్ ఎగిసింది, ఆ వెనకే షుగరు మామూలు కంటే కిందికి జారింది, మళ్ళీ ఆకలి మొదలైంది. పండు తిన్న రోజు ఈ ఎగుడుదిగుళ్ళు లేవు.

మన బండి దగ్గర బత్తాయి రసం గ్లాసుకు మూడు నాలుగు కాయలు పోతాయి. "పంచదార వేయకు బాబూ" అని చెప్పి నిశ్చింతగా తాగేవాళ్ళను రోజూ చూస్తాం. పంచదార వేయకపోయినా నాలుగు కాయల తీపీ అందులోనే ఉంది. పీచు మాత్రం చెత్తబుట్టలో ఉంది. అమెరికాలో లక్షా ఎనభై ఏడు వేల మందిని గమనించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో ద్రాక్ష, ఆపిల్, బ్లూబెర్రీ వంటి పండ్లు తినేవాళ్ళకు మధుమేహం తక్కువగా వచ్చింది, పండ్ల రసాలు తాగేవాళ్ళకు ఎక్కువగా వచ్చింది.

మానేసినవాళ్ళకు ఒరిగిందేమిటి?

చైనాలో సుమారు అయిదు లక్షల మందిని ఏడేళ్ళ పాటు గమనించారు. అప్పటికే షుగరున్నవాళ్ళలో, వారంలో మూడు రోజులకు మించి తాజా పండు తినేవాళ్ళలో మరణాలు, ఎప్పుడో గాని తిననివాళ్ళ కంటే 17 శాతం తక్కువ. కళ్ళు, కిడ్నీలు, గుండె దెబ్బతినడమూ తక్కువే. పండు తినేవాళ్ళు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉండొచ్చు కాబట్టి ఆ ఘనతంతా పండుదే అనలేం. పండు తింటే కొంప మునుగుతుందన్న భయానికి మాత్రం ఇక్కడ ఆధారం దొరకలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో మామూలు మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చెప్పింది. షుగరున్నవాళ్ళకూ ఆ 100 గ్రాములు మంచి కొలతే. ఒక జామకాయో, ఒక చిన్న ఆపిలో, ఒక కప్పు బొప్పాయి ముక్కలో, అరచేతిలో సగం పట్టే మామిడి ముక్కలో అనుకోండి.

అమెరికా చుట్టాలు

జామకాయను నాలుగు చీల్చి ఉప్పూకారం అద్దుకుని తినడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ జామా, ఆ కారం ఇచ్చిన మిరపా రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల కాలంలో మన దేశానికి వచ్చినవే! బొప్పాయి, సపోటా, అనాస, సీత పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా అక్కడివే. ఇక్కడ పుట్టినవి మామిడి, నేరేడు, ఉసిరి, వెలగ, మారేడు.

జామలో 100 గ్రాములకు విటమిన్ సి 200 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. కమలాపండులో ఉండేది అందులో నాలుగో వంతే. దోరకాయ అయితే తీపి తక్కువ, నమలడానికి పని ఎక్కువ. షుగరున్నవాళ్ళకు అన్నిటికన్నా ముందు చెప్పదగ్గ పండు ఇదే. బీపీ కూడా ఉంటే ఉప్పు అద్దుకోవద్దు, కారం చాలు.

సపోటా, సీతాఫలం తీపి ఎక్కువ ఉన్న పండ్లు, 100 గ్రాములకు ఇరవై గ్రాముల పైమాటే. నిషిద్ధమేమీ కాదు, చిన్న కాయతో ఆగాలి. రేగుపళ్ళ కోసమో, సీతాఫలాల కోసమో గుట్టల్లోకి వెళ్ళే షుగరు మనుషులకు ఒక మాట: కాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్ళకు రేగుముల్లు దిగినా తెలియదు. పుండు పడి చీము పట్టాకే తెలుస్తుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని వెళ్ళండి.

కాయ నుంచి పండుకు

పచ్చి అరటికాయలో తూకానికి అయిదో వంతు దాకా పిండే ఉంటుంది. పండేసరికి అదంతా చక్కెరగా మారి, పిండి ఒకటి రెండు శాతమే మిగులుతుంది. అందుకే తొక్క మీద నల్లమచ్చలు పడ్డ పండు కంటే గట్టిగా, లేత పసుపులో ఉన్న పండు నయం. చక్కెరకేళి పేరులోనే చక్కెర ఉంది, అయితే తేడా తెచ్చేది రకం కంటే పరిమాణమే. పెద్ద పండైతే సగం ఇంకొకరికి పెట్టండి.

నేరేడు గింజల పొడి

పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు వినిపించే జంబూద్వీపం అన్న మాటకు నేరేడు చెట్ల దీవి అని అర్థం. ఆ పండు షుగరుకు మంచిదన్న పేరు చాలా పాతది. పండుగా తినడానికి నేరేడు మంచిదే, తీపి తక్కువ. గింజల పొడి దగ్గరే నా భయం. గింజలతో కాదు గాని, బ్రెజిల్‌లో నేరేడు ఆకు కషాయాన్ని షుగరున్నవాళ్ళ మీద పరీక్షించి చూస్తే ఏ ప్రభావమూ కనిపించలేదు. పొడి నమ్ముకుని వేసుకునే బిళ్ళలు ఆపినవాళ్ళు ఒళ్ళు గుల్ల చేసుకుని ఆసుపత్రికి చేరతారు. పండు తినండి, బిళ్ళ మానకండి.

ఆపిల్ బెరడులో దొరికిన మందు

1835లో యూరపులో రసాయన శాస్త్రవేత్తలు ఆపిల్ చెట్టు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థం తీశారు. అది లోపలికి వెళితే మూత్రంలో చక్కెర పోతుందని 1886లో వాన్ మేరింగ్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టాడు. దాని పోలికతో తయారు చేసినవే ఇవాళ డాక్టర్లు రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు. 2020లో పేటెంటు గడువు తీరాక డాపాగ్లిఫ్లోజిన్ మన దేశంలో బాగా చవకైంది. అలాగని ఆపిల్ పండు తింటే ఆ మందు పని జరగదు.

షుగరును ప్రమాదకరంగా పడగొట్టే పండు కూడా ఒకటుంది. బీహారు ముజఫర్‌పూర్‌లో రాత్రి అన్నం తినకుండా లిచీ పండ్లతో కడుపు నింపుకున్న పిల్లలు తెల్లారేసరికి ఫిట్స్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నారు. లిచీలోని హైపోగ్లైసిన్ వల్ల రక్తంలో గ్లూకోజు అడుగంటిందని 2014లో జరిపిన పరిశోధన తేల్చింది. పరగడుపున, ముఖ్యంగా పిల్లలకు, లిచీ పెట్టకండి.

రసం మందయ్యే వేళ

పొద్దున్నే బిళ్ళ వేసుకుని, సద్ది తినకుండా మిరప కోతకు వెళ్ళినవాళ్ళకు పదకొండింటికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు బైర్లు కమ్మితే అది ఎండదెబ్బే అనుకోకూడదు. గ్లిమిపిరైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు షుగరు పడిపోయి ఇలా అవుతుంది. అప్పుడు కావలసింది రసమే! అర గ్లాసు పండ్ల రసంలోనో, మూడు చెంచాల పంచదారలోనో ఉండే 15 గ్రాముల తీపి వెంటనే ఇవ్వాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. వోగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు పంచదారను పేగుల్లో విరగనివ్వవు. అవి కూడా వాడేవాళ్ళకు పంచదార నీళ్ళు ఇస్తే అందుకోవడం ఆలస్యమవుతుంది. వాళ్ళకు గ్లూకోజు పొడి కలిపి ఇవ్వాలి. మీ మాత్రల అట్ట మీద ఈ పేర్లున్నాయేమో చూసుకోండి. ఉంటే చిన్న గ్లూకోజు పొట్లం చేనుకు తీసుకెళ్ళే అన్నం క్యారియరు సంచిలో పడేసుకోండి.

ఖర్జూరం, పంపరపనస

రంజాన్ నెలలో ఉపవాసం విడిచే ఖర్జూరం ఎండు పండు కాబట్టి తూకంలో ముప్పాతిక దాకా తీపే. అయినా అరబ్ ఎమిరేట్స్‌లో అయిదు రకాలను షుగరున్నవాళ్ళ మీద పరీక్షిస్తే గ్లైసీమిక్ ఇండెక్స్ 43 నుంచి 53 మధ్యే వచ్చింది. ఒకటి, మహా అయితే రెండు చాలు.

పంపరపనసతో భయం తీపి గురించి కాదు. దాని దగ్గరి చుట్టం గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని మందులను రక్తంలో అవసరానికి మించి నిలబెడుతుందని 1989లో కెనడా డాక్టర్లు అనుకోకుండా కనిపెట్టారు. పంపరపనసకూ ఆ గుణం ఉంది. షుగరున్నవాళ్ళలో చాలామంది కొలెస్ట్రాలుకు వేసుకునే అటోర్వాస్టాటిన్ ఆ జాబితాలోదే. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన కాయ తినాలనుకుంటే ముందు డాక్టరును అడగండి.

ఎవరు నిజంగా మానుకోవాలి?

ఇన్ని పండ్లు తినమని రాసిన చేత్తోనే ఇది కూడా రాయాలి. షుగరు ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళ లెక్క వేరు. వాళ్ళ ఒంట్లో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. అరటిపండు, జామకాయ, కొబ్బరినీళ్ళు వాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. వాటితో పోలిస్తే ఆపిల్, అనాసల్లో పొటాషియం తక్కువ. ఇప్పుడు బజారులో కనిపిస్తున్న స్టార్ ఫ్రూట్ వాళ్ళకు విషమే. అందులోని కారంబాక్సిన్ పాడైన కిడ్నీల్లోంచి బయటికి పోలేక మెదడుకెక్కి, ఎక్కిళ్ళతో మొదలై ఫిట్స్ దాకా తెస్తుంది. బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో ఆ పదార్థాన్ని గుర్తించారు.

కిడ్నీల సంగతి మొదట్లో మనిషికి తెలియదు. నొప్పి ఉండదు, వాపు రాదు. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ ఏడాదికోసారి చూపించుకుంటేనే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతివారికీ షుగరు, బీపీ చూసే కార్యక్రమం ప్రభుత్వానికి ఉంది. ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చినప్పుడు పనుందని పంపేయకండి. మాచవరం మండలంలోని పిల్లుట్లలో ఉన్నా, మోర్జంపాడులో ఉన్నా వేలు చాచి ఆ ఒక్క చుక్క రక్తం ఇవ్వండి. ఈసారి షుగరున్నవాళ్ళ ఇంటికి పలకరింపుకు వెళ్ళేటప్పుడు స్వీటు పెట్టె వద్దు. కిడ్నీలు బాగున్నాయని కనుక్కుని, నాలుగు దోర జామకాయలు తీసుకెళ్ళండి.